నాగయ్యగారి గొంతు, మా తాత మంచం

మా తాతకి ఎనభై నాలుగేళ్లు. చిత్తూరులో మా మిద్దె ఇంట్లో వీధి వైపు గది ఆయనది. వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. ఈ కొలతలు గుర్తుపెట్టుకోండి, తర్వాత వీటితో పనుంది.

మొన్న సెమిస్టర్ సెలవులకి తిరుపతి హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లేసరికి మా మామ ఒక పాత స్టీరియో యాంప్లిఫయర్, రెండు చిన్న స్పీకర్లు మా ఇంట్లో పెట్టి ఉన్నాడు. ఆయన బెంగళూరుకి కాపురం మారుస్తున్నాడు, అక్కడ ఫ్లాట్‌లో చోటు లేదట. వాటిని తాత గదిలో పెట్టి ఏం పాట కావాలి తాతా అని అడిగా. రెండుసార్లు అడిగితే గానీ వినపడలేదు. నాగయ్య పాట పెట్టమన్నాడు. ఏ నాగయ్య అని అడిగా. తాత నావైపు చూసిన చూపు నేను ఇప్పట్లో మర్చిపోను.

ఎందుకంటే మా ఊళ్లో నాగయ్య కళాక్షేత్రం ఉంది. స్కూలు రోజుల్లో దాని ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కే లేదు. ఆ పేరు ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. పన్నెండేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు పుస్తకం ఇప్పటికీ మెల్లగానే చదువుతాను. కానీ ఇది మీడియం తప్పు కాదు. నా తప్పే.

ఆ సెలవుల్లో రెండు పనులు కలిసి జరిగాయి. ఒకటి, నాగయ్యగారి జీవితం తెలుసుకోవడం. రెండు, ఆయన గొంతు తాతకి సరిగ్గా వినిపించడానికి ఆ గదిని సరిచేయడం. రెండూ వేర్వేరు పనులని మొదట్లో అనుకున్నా.

ఆయన పూర్తి పేరు ఉప్పలదడియం నాగయ్య. 1904 మార్చి 28న పుట్టారు. పుట్టింది చిత్తూరులో కాదు, పల్నాడులోని రెంటచింతలలో. అయినా లోకం ఆయన్ని చిత్తూరు నాగయ్య అనే అంటుంది. మామూలుగా మనుషుల పేరు ముందు ఇంటిపేరు ఉంటుంది. ఈయన పేరు ముందు మా ఊరొచ్చి కూర్చుంది. కారణం నాటకాలు. అప్పట్లో చిత్తూరులో రామవిలాస సభ అని పెద్ద నాటక సమాజం ఉండేది. నాగయ్యగారు ఆ సభ నాటకాల్లో పాడి, నటించి పేరు తెచ్చుకున్నారు. సినిమాలకి వెళ్లకముందు గుమాస్తాగా పనిచేశారు, పత్రికలో పనిచేశారు. గాంధీగారి ఉద్యమం ప్రభావం కూడా ఆయన మీద గట్టిగా ఉండేది.

ఆ రోజుల నాటకం సంగతి మనం ఒకసారి ఊహించుకోవాలి. మైకులు లేవు. ఉన్నా అన్ని ఊళ్లకీ రాలేదు. పద్యం ఎత్తుకుంటే చివరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా మాట అర్థం కావాలి. అరిస్తే భావం పోతుంది, మెల్లగా పాడితే వినపడదు. పందిరి కింద ఒక రకంగా, రేకుల షెడ్డులో ఒక రకంగా, గోడల హాల్లో ఇంకో రకంగా గొంతుని సర్దుకోవాలి. మనం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో చేసే పని అప్పుడు నటుడు తన గొంతుతో చేసేవాడన్నమాట. రూమ్ కరెక్షన్ అనే మాట పుట్టకముందే ఆ విద్య స్టేజి మీద ఉంది.

1938లో గృహలక్ష్మితో ఆయన సినిమాల్లోకి వచ్చారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, నాయిక కన్నాంబ. నాగయ్యగారికి అప్పటికి 34 ఏళ్లు. అందులో కల్లు మానమని చెప్పే ఆయన పాట జనంలోకి బాగా వెళ్లింది. మరుసటి ఏడాది వాహినీ వారి వందేమాతరం వచ్చింది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి మా రాయలసీమ మనిషే, కడప జిల్లా. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడి కథ అది. 1939 సినిమా! మన ఫైనల్ ఇయర్ సీనియర్లకి ఆ కథ కొత్తగా ఏమీ అనిపించదు. తర్వాత 1940లో సుమంగళి, 1941లో దేవత. తెలుగు సినిమాలో అప్పటికి చాలామంది నటులు తమ పాటలు తామే పాడుకునేవాళ్లు. తెర మీద పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది అనే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. కాబట్టి నాగయ్య పాట పెట్టమంటే ఆయనే పాడిన పాట పెట్టమని.

సరే, ఆ పాటలు పెట్టా. నెట్‌లో దొరికినవన్నీ పెట్టా. తాత రెండు నిమిషాలు విని తల అడ్డంగా ఊపాడు. ఇది నాగయ్య గొంతు కాదన్నాడు. కుండలో తలపెట్టి పాడినట్టుంది, మాట తెలీడం లేదన్నాడు.

ఇక్కడ నాలోని కంప్యూటర్ సైన్స్ విద్యార్థి నిద్రలేచాడు. గొంతు పాడుచేసింది గది, గదిని సరిచేస్తే సరిపోతుంది అనుకున్నా. హాస్టల్ ఫ్రెండ్ ఒకడి దగ్గర కొలత కోసం వాడే యూఎస్‌బీ మైకు ఉంటే తెప్పించా. రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది స్పీకర్లోంచి 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా ఒక కూతలాంటి శబ్దం పంపిస్తుంది, మైకు దాన్ని వింటుంది. పంపినదానికీ విన్నదానికీ తేడా ఎంతో గ్రాఫ్ గీస్తుంది. ఎక్కడ గుట్ట ఉందో అక్కడ తగ్గించి, ఎక్కడ గుంట ఉందో అక్కడ పెంచితే గీత సమం అవుతుంది. ఈక్వలైజర్ అనే పేరు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. పోయిన శబ్దం, వచ్చిన శబ్దం సమానం కావాలి. టెలిఫోన్ తీగల్లో దూరం పోయేకొద్దీ గొంతు మసకబారుతుంటే దాన్ని సరిచేయడానికి ఇంజనీర్లు మొదట వాడిన ఉపాయం అది.

మైకుని స్టాండుకి బిగించి గది మధ్యలో పెట్టా. నేల మీద నుంచి ఐదడుగుల ఎత్తు. కొలిచా. లోతైన గుంటలు కనిపించాయి. 47 హెర్ట్జ్ దగ్గర, 56 దగ్గర, మళ్లీ 141, 168 దగ్గర. ఒక్కోదాన్నీ ఏడెనిమిది డెసిబెల్స్ పెంచి నింపేశా. మళ్లీ కొలిస్తే గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి మా క్లాస్ గ్రూపులో కూడా పెట్టా. లైకులు బాగానే వచ్చాయి.

తాతని పిలిచి మళ్లీ పాట పెట్టా. ఈసారి తాత ఒక్క నిమిషం కూడా వినలేదు. ముందుదే నయం, ఇప్పుడు కుండ కాదు, బావి అన్నాడు. నేను వెళ్లి ఆయన మంచం మీద కూర్చుని విన్నా. నిజంగానే బావి.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తా, మీరెవరైనా ఇదే పని చేస్తే పనికొస్తుంది. పశువుల తొట్టిలో నీళ్లు అటూ ఇటూ ఊగడం చూసే ఉంటారు. రెండు చివర్లా నీళ్లు లేచి పడుతుంటాయి, మధ్యలో మట్టం కదలదు. గోడలున్న గదిలో లోతు శబ్దం కూడా అంతే. 12 అడుగుల పొడవులో సరిగ్గా అమరే అల 47 హెర్ట్జ్‌ది, 10 అడుగుల వెడల్పులో 56ది. మా గది ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి 56 రెండుసార్లు వస్తుంది. వీటికి మూడు రెట్లయిన 141, 168 కూడా అలాగే ఊగుతాయి. గోడల దగ్గర ఇవన్నీ గట్టిగా వినిపిస్తాయి, గది మధ్యలో మాయమవుతాయి. నేను మైకు పెట్టింది పొడవుకీ, వెడల్పుకీ, ఎత్తుకీ సరిగ్గా మధ్యలో. అక్కడ లేనిదాన్ని నేను పెంచా. కానీ తాత మంచం గోడ మూలకి ఆనించి ఉంది. అక్కడ అదే శబ్దం ముందే ఎక్కువ, నేను పెంచింది దాని మీద ఇంకో మోత. పైగా మగవాళ్ల గొంతు తరచు తిరిగే చోటు 141, 168ల చుట్టుపక్కలే. పాత రికార్డింగుల్లో కరెంటు గుయ్ మనే 50 హెర్ట్జ్ చప్పుడు 47కీ 56కీ మధ్యలో దర్జాగా కూర్చుంది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, నేను గదిని మైకు కోసం సరిచేశా. వినే మనిషి కోసం కాదు.

ఆ రోజు రాత్రి పట్టుదలకి నాగయ్యగారి గురించి ఇంకా చదివా. అసలు ఆ గొంతు ఎలా ఉండాలో తెలియకుండా ఏం సరిచేస్తాను?

1940ల్లో ఆయన మూడు పాత్రలు వేశారు. అవి వేరే ఎవరూ వేయలేరన్నంత పేరొచ్చింది. పోతన, త్యాగయ్య, వేమన. భక్త పోతన, యోగి వేమన తీసింది కె.వి. రెడ్డి. 1946లో వచ్చిన త్యాగయ్య మాత్రం నాగయ్యగారే నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం చూసుకుని, త్యాగరాజుగా నటించి, కృతులు పాడారు. ఈ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పోతన భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనన్న మనిషి. త్యాగరాజు తంజావూరు రాజు పిలుపు వద్దన్న మనిషి. వేమన అన్నీ వదిలేసిన మనిషి. ముగ్గురూ డబ్బుని పక్కకి నెట్టినవాళ్లే. వాళ్లని తెర మీద చూసిన జనం నాగయ్యగారిని కూడా ఒక భక్తుణ్ణి చూసినట్టే చూశారు.

ఆయన తెలుగుకే పరిమితం కాలేదు. 1941లో తమిళంలో అశోక్‌కుమార్ అనే సినిమాలో అశోక చక్రవర్తిగా వేశారు. 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరాగా నటించిన తమిళ సినిమాలో మీరా భర్త రాణా ఈయనే. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. తిరుపతిలో చదివేవాళ్లకి సుబ్బులక్ష్మిగారి గొంతుతోనే తెల్లారుతుంది, ఊళ్లో ఆవిడ విగ్రహం కూడా ఉంది. ఆవిడ పక్కన తెర మీద నిలబడ్డ మనిషి పేరు తన ఊరి పేరుతో కలిసి ఉందని చిత్తూరు కుర్రాడినైన నాకే తెలీదు.

ఆ కాలంలో బాగా సంపాదించిన నటుల్లో నాగయ్యగారు ఒకరు. కానీ డబ్బు ఆయన చేతిలో ఆగలేదు. అడిగినవాడికి లేదనలేదు. ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు భోజనానికి ఉండేవాళ్లని, మద్రాసుకి అవకాశాల కోసం వచ్చినవాళ్లకి ఆ ఇల్లు ఒక సత్రంలా ఉండేదని ఆయన్ని ఎరిగినవాళ్లు చాలామంది చెప్పుకున్నారు. సొంత సినిమాలు కూడా చేతిలో ఉన్నది ఖర్చు చేయించాయి. 1953లో నా ఇల్లు అని సినిమా తీశారు. తెలుగు, తమిళం రెండు భాషల్లో. 1964లో భక్త రామదాసు తీశారు. మెల్లమెల్లగా సంపద పోయింది. పెద్ద పాత్రల నుంచి చిన్న పాత్రలకి వచ్చారు. తండ్రి, తాత, ముని. 1963 లవకుశలో వాల్మీకి ఆయనే. ఆ సినిమా మనలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. నేనూ చూశా, ఆ వాల్మీకి మా ఊరి నాగయ్యగారని తెలియకుండా.

1965లో పద్మశ్రీ వచ్చింది. 1973 డిసెంబర్ 30న, 69 ఏళ్ల వయసులో చనిపోయారు. చేతిలో ఏమీ మిగలని పరిస్థితిలో పోయారు. తర్వాత మద్రాసు పానగల్ పార్కులో విగ్రహం పెట్టారు. ఒకప్పుడు తెర మీద డబ్బు వద్దన్న ముగ్గురి వేషం వేసిన మనిషి, తెర బయట కూడా దాదాపు అలాగే బతికి, అలాగే వెళ్లిపోయారు. తేడా ఏంటంటే వాళ్లు వద్దని వదిలారు. ఈయన సంపాదించి ఇచ్చేశారు. ఇచ్చినందుకు జనం మెచ్చుకున్నారు. అవసరమొచ్చినప్పుడు మెచ్చుకున్నవాళ్లంతా దగ్గర లేరు. ఇందులో నాకు నచ్చనిది కూడా ఉంది. తన చివరి రోజుల కోసం, తనని నమ్ముకున్నవాళ్ల కోసం కొంచెం దాచుకుని ఉంటే బాగుండేది. మంచి మనిషి కదా అని ఈ మాట చెప్పకుండా దాటేస్తే, నా గ్రాఫ్‌లాగే ఆయన జీవితం కూడా స్కేలు పెట్టి గీసినట్టు తయారవుతుంది. మనిషి మాత్రం కనపడడు.

తర్వాత రోజు తాతనే అడిగా. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించి అడిగా. త్యాగయ్య సినిమా నువ్వెక్కడ చూశావు అని. తాత లేచి కూర్చున్నాడు. వాళ్ల పల్లెకి టూరింగ్ టాకీసు వచ్చినప్పుడు, తనకి పన్నెండో పదమూడో ఏళ్లున్నప్పుడు. డేరా కింద, ఇసుక మీద కూర్చుని. ఒకే ప్రొజెక్టర్, రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. డేరా వెనక డైనమో మోత. స్పీకరు తెర పక్కన ఉండే పెద్ద బాకా. ఆ మోతలోంచి నాగయ్య గొంతు వస్తుంటే వాళ్ల నాయన కళ్లు తుడుచుకోవడం తాత చూశాడట. అంతకుముందు ఎప్పుడూ నాయన ఏడవడం చూడలేదట.

అప్పుడు నాకు అర్థమైంది. తాతకి గుర్తున్న గొంతు ఏ గ్రాఫ్ ప్రకారం చూసినా సమంగా ఉన్నది కాదు. బాకా స్పీకరులో లోతు ఉండదు, పై స్థాయి కూడా ఉండదు, మధ్యలో మాట మాత్రం బాణంలా వస్తుంది. అప్పటి సినిమా ఫిల్మ్ మీద శబ్దం పక్కనే సన్నటి చారగా ముద్ర పడి ఉండేది, దానికి పై స్థాయి శబ్దాలు అసలే తక్కువ. ఇక నేను నెట్‌లో తెచ్చిన పాటలు చాలావరకు 78 ఆర్‌పీఎం ప్లేట్ల నుంచి వచ్చినవి. ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. లోతు శబ్దం ఎక్కువగా చెక్కితే గాడి పక్క గాడిలోకి పోతుందని, చెక్కేటప్పుడే లోతు తగ్గించేవాళ్లు. వినేటప్పుడు దాన్ని తిరిగి పెంచుకోవాలి. 1950ల మధ్యలో అందరికీ ఒకే కొలత వచ్చేదాకా ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కలో చెక్కింది. ఆ లెక్క తెలియకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించిన పాట అసలు పాట కాదు. నాగయ్యగారి గొంతుకీ మా తాత చెవికీ మధ్య మైకు, ఫిల్ము, ప్లేటు, సూది, ఎక్కించినవాడి కంప్యూటర్, నెట్, యాంప్లిఫయర్, స్పీకరు, గది, చివరికి తాత చెవి, ఇన్ని గడపలున్నాయి. నేను ఒక్క గడప దగ్గర నిలబడి అన్నీ సరిచేశానని అనుకున్నా.

ఈసారి పని వేరేగా మొదలుపెట్టా. ముందు మంచాన్ని గోడ మూల నుంచి రెండడుగులు ఇవతలికి జరిపా. ఇది పైసా ఖర్చు లేని పని, ఏ ఫిల్టరూ దీనికి సాటి రాదు. మైకుని తాత తలగడ దగ్గర పెట్టి, దాని చుట్టూ జానెడు జానెడు దూరంలో ఆరుచోట్ల కొలిచి సగటు తీసుకున్నా. తాత తల ఒకేచోట ఉండదు కదా. గుంటల్ని నింపడం మానేశా. గుట్టల్ని మాత్రమే తగ్గించా. గుంటంటే ఎదురెదురు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోటు, ఎంత పోసినా ఇంకిపోతుంది, యాంప్లిఫయర్ వేడెక్కడం తప్ప లాభం లేదు. అదీ 300 హెర్ట్జ్ కంటే కింద మాత్రమే చేశా. అంతకంటే పైన, మా గదంత చిన్న గదిలో, గది చేసే గందరగోళం జానెడు దూరానికే మారిపోతుంది. అక్కడ ఫిల్టర్లు పెట్టి వెంటాడడం వృథా.

మిగిలింది మోత. గచ్చు నేల, సున్నం కొట్టిన గోడలు, కాంక్రీటు పైకప్పు. చప్పట్లు కొడితే గోడలు కూడా చప్పట్లు కొడతాయి. దీనికి ఈక్వలైజర్ మందు కాదు. స్పీకరు పంపే శబ్దాన్ని మార్చగలం గానీ గోడ మీద పడి తిరిగొచ్చేదాన్ని ఆపలేం. ఈ సంగతి తేల్చే పని 1895లోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ అనే కుర్ర అధ్యాపకుడు మొదలుపెట్టాడు. ఒక లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదంటే, ఇంకో హాలు నుంచి సీటు దిండ్లు రాత్రిపూట మోసుకొచ్చి పరుస్తూ, శబ్దం ఆరిపోవడానికి ఎంత సేపు పడుతుందో కొలిచాడు. మెత్తటి వస్తువు పెరిగేకొద్దీ మోత ఆరే సమయం తగ్గింది. మాకు హార్వర్డ్ దిండ్లు లేవు, మా అవ్వ కుట్టిన బొంతలున్నాయి. అవ్వ పోయి నాలుగేళ్లయింది. పాత చీరలు మడత మీద మడత వేసి కుట్టినవి, అటక మీద ట్రంకు పెట్టెలో ఐదు దొరికాయి. రెండు గోడకి వేలాడదీశా, ఒకటి నేల మీద పరిచా. స్పీకర్లకి ఎదురు గోడకి పాత పుస్తకాల అలమర జరిపా.

చివరి ఫిల్టర్ తాత చెవి కోసం. వయసుతో ముందు పోయేది పై స్థాయి శబ్దాల వినికిడి. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. కప్పు, చెప్పు, తప్పు అన్నీ ఒకటే అవుతాయి. అందుకని 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ దాకా నాలుగు డెసిబెల్స్ పెంచా. 5 వేల పైన పాత ప్లేట్లలో బుస్ మనే చప్పుడు తప్ప పెద్దగా ఏమీ లేదు కాబట్టి అక్కడ తగ్గించా. ఇప్పుడు గ్రాఫ్ చూస్తే మధ్యలో గూని, చివర్లో జారుడు. క్లాస్ గ్రూపులో పెడితే నవ్వుతారు. పెట్టలేదు.

సాయంత్రం త్యాగయ్యలోని కృతి ఒకటి పెట్టా. తాత మొత్తం విన్నాడు. అయిపోయాక ఏమీ అనలేదు. రెండోసారి పెట్టమని వేలితో చూపించాడు. రెండోసారి వింటున్నప్పుడు పెదవులు కదిలాయి, మాటలన్నీ వస్తున్నాయి ఆయనకి.

ఇక్కడితో ఆపేస్తే ఇది నా ప్రాజెక్టు రిపోర్టు అయ్యేది. కానీ అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. పాట అయిపోయింది, సిస్టమ్ ఆపేశా. అమ్మ గుమ్మంలో నిలబడి మామూలు గొంతుతో, రాత్రికి సంగటి చెయ్యనా, దోసెలు పొయ్యనా అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపు తాత సంగటి అన్నాడు.

అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. తాత చెవులు బాగుపడలేదు. ఫిల్టర్లు పాట మీదే పనిచేస్తాయి, అమ్మ గొంతు మీద కాదు. మారింది గది. గోడల మోత తగ్గేసరికి అమ్మ మాటలోని హల్లులు తాత దాకా వచ్చాయి. వినికిడి తగ్గినవాళ్లకి మోత ఉన్న గది ఇంకా పెద్ద శత్రువు. ఇన్నాళ్లూ మేం తాతకి వినపడదని తీర్మానించుకుని, ఆయన గదిలో మాట్లాడడమే తగ్గించేశాం. ఏదైనా అవసరమైతే గట్టిగా అరుస్తాం. అరిస్తే మోత ఇంకా పెరుగుతుంది, ఇంకా అర్థం కాదు. అర్థం కాలేదని మళ్లీ అరుస్తాం. మూడేళ్లుగా ఇంతే. ఆయన అడిగిన ప్రశ్నకి మా జవాబు వినపడక, అదే ప్రశ్న మళ్లీ అడిగితే మతిమరుపు అనుకున్నాం.

నాగయ్యగారు స్టేజి మీద చివరి వరుసలో కూర్చున్నవాడి కోసం పాడిన మనిషి. ముందు వరుస కోసం కాదు. అలాంటి గొంతుని నేను మొదట గది మధ్యలో ఎవరూ కూర్చోని చోట పెట్టిన మైకు కోసం సరిచేశా. మా ఇంట్లో చివరి వరుస తాత మంచం. అక్కడ కూర్చుని వింటే తప్ప తప్పేమిటో తెలియలేదు.

సెలవులు అయిపోయి తిరుపతి బస్సెక్కే రోజు పొద్దున తాత దగ్గరికి వెళ్లా. ఏ సంవత్సరం చదువుతున్నావు అని అడిగాడు. ఈ ప్రశ్న ఆయన నన్ను చాలాసార్లు అడిగాడు. ఈసారి అరవలేదు. మంచం పక్కన కూర్చుని, మామూలుగా, రెండో సంవత్సరం తాతా అన్నా. సరే అన్నాడు. తర్వాత ఇంకా రెండేళ్లా అని అడిగాడు. అది కొత్త ప్రశ్న.

బస్టాండుకి పోయే దారిలో ఆటోని నాగయ్య కళాక్షేత్రం ముందు ఒక్క నిమిషం ఆపమన్నా. దిగి ఆ పేరు మొత్తం చదివా.